సూదిలో కోటి రూపాయలట!

పాత కుట్టుమిషన్లు పోగేస్తానని తెలిసిన పాపానికి ఈ మెసేజ్ నాకు పంపనివాళ్ళు లేరు. పెద్ద బావగారు పంపారు. ఇంజనీరింగ్ చదివిన స్నేహితులు పంపారు. "నీకు పనికొస్తుందిరా" అంటూ పిన్ని పంపింది. విడివిడిగా జవాబులు రాసే ఓపిక లేదు. ఇకమీదట ఎవరు పంపినా వాళ్ళకి ఇదే తిప్పి పంపుతాను.

ఆ మెసేజ్ ఇంకా అందని అదృష్టవంతుల కోసం దాని సారం: "మీ ఇంట్లో అమ్మమ్మల నాటి నల్ల సింగర్ మిషన్ ఉందా? పాత ఇనుముకి వేయకండి! దాని సూదిలో రెడ్ మెర్క్యురీ ఉంటుంది, గ్రాము కోటి రూపాయలు. ఫోన్‌లో మాట్లాడుతూ సూది దగ్గర పెడితే కాల్ కట్టయిపోతుంది, అదే రుజువు. నంబరు ముందు ఇంగ్లిషు అక్షరం ఉంటే బ్రిటిష్ కాలం నాటి అరుదైన సరుకు. పైనున్న పూలు అసలు బంగారం. గాంధీగారు మెచ్చిన మిషన్. విదేశీ కంపెనీ కొంటోంది. ఫొటో పంపి, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి."

బంగారం సంగతి ముందు తేల్చేద్దాం. ఆ పూలు, తీగలు కాగితం మీంచి మిషన్ మీదికి దింపిన అచ్చులు. పైన వార్నిష్ కొట్టారు. గోరుతో గీకితే మీ చేతికొచ్చేది చిటికెడు పొట్టు. దాన్ని పట్టుకుని కంసాలి దగ్గరికి వెళ్తానంటే వెళ్ళండి, ఆయనకీ కాస్త కాలక్షేపం. మిషన్ అందం మాత్రం ఆ గీకుడుతోనే పోతుంది, దాంతో ఉన్న కాస్త ధరా పోతుంది. స్పిరిట్‌తో తుడిచినా ఇదే గతి. మెత్తటి గుడ్డ, మిషన్ ఆయిల్ చాలు.

నంబరు ముందు అక్షరం. ఇది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సింగర్ వాళ్ళు నంబరు ముందు అక్షరం వేయడం మొదలుపెట్టిందే 1900లో. అంతకు ముందువాటికి ఉత్త అంకెలే. అంటే అక్షరం ఉందంటే మీ మిషన్ మరీ పాతది కాదన్నమాట! మన ఇళ్ళలో కనిపించేవాటిలో ఎక్కువ భాగం స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీవి. ఆ ఫ్యాక్టరీ 1913 ఒక్క ఏడాదిలోనే 13 లక్షలకు పైగా మిషన్లు చేసింది. ఏడాదికి అన్ని లక్షలు పుట్టిన దాన్ని అరుదు అనడానికి నోరెలా వచ్చిందో. ఇంకోటి, 'ఈహెచ్' అక్షరాలతో మొదలయ్యే నంబర్లు 1950ల ఆరంభానివి. బ్రిటిష్ వాళ్ళు ఓడెక్కి వెళ్ళాక తయారైన సరుకు అది. దానికి బ్రిటిష్ కాలపు ముద్ర వేసి అమ్మబోతున్నారు మా బావగారు.

గాంధీగారి ముక్క చూసి ఇదీ బుకాయింపే అనుకున్నారా? కాదు, నిజం. యంత్రాల మీద ఆయనకున్న అభ్యంతరాల గురించి 1924లో అడిగితే, సింగర్ కుట్టుమిషన్‌ని మినహాయించాలన్నారు. మనిషి కనిపెట్టిన పనికొచ్చే కొద్ది వస్తువుల్లో అదొకటని మెచ్చుకున్నారు. భార్య పడే కష్టం చూడలేక, ప్రేమతో సింగర్ దాన్ని చేశాడని కూడా చెప్పారు. ఆ ప్రేమ కథ మాత్రం కాస్త తేడా. ఐజాక్ మెరిట్ సింగర్‌కి వేర్వేరు స్త్రీల వల్ల పుట్టిన పిల్లలు 20 మందికి పైమాటే. కుట్టుమిషన్ కనిపెట్టిన మొదటివాడూ ఆయన కాడు. ఎలియాస్ హోవ్ 1846లోనే పేటెంట్ తీసుకుని, తర్వాత సింగర్‌ని కోర్టుకి లాగి రాయల్టీ వసూలు చేశాడు. సరే, గాంధీగారు మెచ్చారు, ఒప్పుకున్నాం. ఆ మెప్పుకి కోటి రూపాయలు ఎవరిస్తారు?

ఇక అసలు రోగం, రెడ్ మెర్క్యురీ, అంటే ఎర్ర పాదరసమట.

సూదిలో ఉంటుందట. అయ్యా, అమ్మా, ఎవరైనా ఒక్కసారి ఇంట్లో కుట్టేవాళ్ళని అడిగారా? సూది అరుగుతుంది, వంగుతుంది, విరుగుతుంది. జీన్స్ ప్యాంటు మడత మీద పడితే టప్పుమంటుంది. వెంటనే సందు చివర ఫ్యాన్సీ షాపుకి పోయి 16 నంబరు సూదుల ప్యాకెట్ తెచ్చుకుంటాం. మీ అమ్మమ్మ మిషన్‌లో ఇప్పుడున్న సూది మీ అమ్మమ్మ నాటిది కాదు, మొన్న దసరాకి జాకెట్లు కుట్టేటప్పుడు మార్చింది. అందులో గ్రాము కోటి సరుకు ఉంటే ఆ షాపాయన పది రూపాయలకి ఎందుకు అమ్ముతున్నాడు? ఆయనకి ఫోన్ లేదా, మెసేజ్ రాలేదా? పైగా సూది గట్టి ఉక్కు. లోపల బోలుగా ఉండదు. దారం దూరే కన్నం తప్ప అందులో ఖాళీయే లేదు. పాదరసం ఎక్కడ పోశారో చూపిస్తే నేనే రిజిస్ట్రేషన్ ఫీజు కడతాను.

ఫోన్ పరీక్ష ఇంకా ఘనమైనది. పది కిలోల పైచిలుకు పోత ఇనుముకి ఆనించి ఫోన్ పెడితే సిగ్నల్ తగ్గొచ్చు. ఇనుప బీరువా దగ్గర పెట్టినా తగ్గొచ్చు. మా ఇంట్లో వంటగదిలోకి అడుగు పెడితే చాలు, కాల్ కట్. మా గిన్నెల్లో కూడా రెడ్ మెర్క్యురీ ఉన్నట్టుంది.

ఈ కథ మనది కూడా కాదు. 2009 ఏప్రిల్‌లో సౌదీ అరేబియాలో అచ్చం ఇదే పుకారు, ఇదే ఫోన్ పరీక్షతో సహా పాకింది. జనం పాత సింగర్ల కోసం ఎగబడ్డారు. ఒక్కో మిషన్‌కి 2 లక్షల రియాళ్ళ దాకా అడిగారని రాయిటర్స్ రాసింది. దర్జీ షాపుల్లో దొంగలు పడ్డారు. చివరికి సౌదీ పోలీసులు రంగంలోకి దిగాల్సి వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు మన ఇళ్ళలో ఎంతమంది లేరు? వాళ్ళని అడిగినా చెప్పేవారు.

అసలు రెడ్ మెర్క్యురీ అనే పదార్థమే లేదు. సోవియట్ యూనియన్ చివరి రోజుల్లో, అణుబాంబుకి పనికొచ్చే రహస్య పదార్థమంటూ దళారులు పుట్టించిన సరుకు అది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అలాంటిదేమీ లేదని తేల్చిచెప్పింది. ఎర్రగా ఉండే పాదరసపు సమ్మేళనాలు ఉన్నాయి, కాదనను. మన ఆయుర్వేదంవాళ్ళకి తెలిసిన ఇంగిలీకం అలాంటిదే. దానికి కోటి ఎవడూ ఇవ్వడు.

నవ్వుకుని వదిలేద్దామంటే వదలనివ్వని సంగతి ఒకటుంది. 2013 జనవరిలో జింబాబ్వేలోని చిటుంగ్విజాలో ఒక నాటువైద్యుడి ఇంట్లో పేలుడు జరిగి మనుషులు చనిపోయారు. రెడ్ మెర్క్యురీ కోసం ఏదో పేలుడు పదార్థాన్ని విప్పబోయారన్నది అప్పట్లో వచ్చిన అనుమానం. మన దగ్గర బాంబులు విప్పకపోవచ్చు. కానీ "రెడ్ మెర్క్యురీ ఇదే" అని ఎవడో అంటగట్టిన ఎర్రపొడిని ఇంట్లో పొయ్యి మీద వేడి చేసి చూసే మహానుభావులు ఉండరని మాటిస్తారా? అందులో నిజంగా పాదరసం ఉంటే వచ్చే ఆవిరికి వాసన ఉండదు. మెదడునీ మూత్రపిండాల్నీ పాడు చేస్తుంది. పిల్లలున్న ఇల్లయితే ఇక చెప్పక్కర్లేదు.

విదేశీ కంపెనీ కొంటుందట. వందేళ్ళు దాటిన పురావస్తువుల్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదని 1972 చట్టం ఉంది. మీ మిషన్ అంత పాతదీ, అంత అపురూపమైనదీ అయితే బయటికి పంపాలనుకోవడమే చిక్కు. అంత పాతది కాకపోతే, తమ ఊళ్ళోనే కారుచౌకగా దొరికే ఇనుప ముద్దని ఓడలో వేయించుకుని తెప్పించుకునే ఖర్మ ఎవరికి?

అందరూ అబద్ధమే చెబుతున్నారని నేననను. ధర పలికే మిషన్లు ఉన్నాయి. 1850ల నాటి తొలి సింగర్లకి పాశ్చాత్య దేశాల్లో వేల డాలర్లు పెట్టేవాళ్ళున్నారు. 1933లో వచ్చిన బుల్లి సింగర్ ఫెదర్‌వెయిట్ మోడల్ కోసం అమెరికాలో బొంతలు కుట్టే ఆడవాళ్ళు పోటీపడతారు. మన వైపు చూస్తే, అడుగు దారాన్ని మోసే తూటా ఆకారపు షటిల్ పోకుండా, ఈజిప్టు స్ఫింక్స్ బొమ్మలు చెరగకుండా ఉన్న 27 నంబరు మోడల్ కనబడితే నాలాంటివాడు బేరమాడకుండా జేబులో చెయ్యి పెడతాడు. హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్‌లోనో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో మిషన్ కన్నా కింది ఇనుప స్టాండుకే ఎక్కువ చెబుతారు. కాఫీ షాపులవాళ్ళు దాని మీద చెక్క వేసి టేబుల్ చేసుకుంటున్నారు మరి. ఇవన్నీ వేలల్లో మాటలు. కోట్లలో కాదు.

"పాత ఇనుముకి వేయకండి" అన్న వాక్యానికి మాత్రం ఆ మెసేజ్ రాసినవాడికి నమస్కారం పెడతాను. నేను ఏళ్ళ తరబడి మొత్తుకున్నా వినని చుట్టాలు, వాడి మాట విని అటక మీంచి మిషన్లు దింపి దుమ్ము దులిపారు. ఆయిల్ వేసి, తోలు బెల్టు మారిస్తే అందులో చాలావరకు ఇవాళ్టికీ కుడతాయి.

మిగిలింది రిజిస్ట్రేషన్ ఫీజు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఫీజు కట్టగానే కొరియర్ ఛార్జీ అంటారు, తర్వాత జీఎస్టీ అంటారు, ఆ తర్వాత ఫోన్ స్విచాఫ్. పాత నాణేలు, నోట్ల పేరుతో ఇదే నాటకం ఆడుతున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. అప్పుడు నాణెం, ఇప్పుడు మిషన్, అంతే తేడా.

ఇంత చెప్పినా నమ్మకం చావకపోతే ఒక పని చేయండి. ఆ నంబరుకి ఫోన్ చేసి, "ఫీజు మీరిచ్చే కోటిలోంచే మినహాయించుకోండి, మిగతా 99 లక్షల చిల్లర పట్టుకొచ్చి మిషన్ తీసుకెళ్ళండి" అనండి. మిషన్ దగ్గర కాదు, సిగ్నల్ బాగా ఉన్నచోట నిలబడే మాట్లాడండి. కాల్ ఎలా కట్టవుతుందో చూద్దురుగాని.