పేరు వెంట పడకండి, పొలం వెంట పడండి

ఆన్‌లైన్‌లో వంశవృక్షం తెరిచి, రెండు నొక్కులు నొక్కి, 1650లో ఇంగ్లండు నుంచి ఓడ దిగిన మూలపురుషుడు దొరికాడని సంబరపడేవాళ్లందరికీ ఈ పోస్టు. అమెరికన్ కోడలో అల్లుడో ఉన్న మన కుటుంబాల వాళ్లకీ చెబుతున్నాను, ఎందుకంటే మనవల కోసం అటువైపు చరిత్ర తవ్వేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఆ చెట్టులో ఆధారం అన్నచోట ఏం రాసుందో ఒక్కసారి చూడండి. చాలాసార్లు అక్కడ ఉండేది ఇంకో చెట్టు. దానికి ఆధారం మరో చెట్టు. "నలభై మంది అలాగే రాశారు కదండీ" అంటారు. నలభై మందీ ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నారు, అంతే.

మన ఊళ్లో ఐదు సెంట్ల స్థలం కొనాలంటే ఏం చేస్తాం? లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, ఈసీ తీయిస్తాం, చెక్కుబందీ చూస్తాం, హద్దు పక్కన ఉన్నవాణ్ణి కదిలిస్తాం. అమ్మేవాడికి అది ఎలా సంక్రమించిందో తేలందే అడ్వాన్సు కూడా ఇవ్వం. వలసకాలపు అమెరికాలో ముత్తాతల తాతను వెతకడానికి కావలసింది అచ్చం ఆ బుద్ధే. స్థలం విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండేవాళ్లం, మనిషి విషయానికొచ్చేసరికి పేరు కలిస్తే చాలనుకుంటాం.

వర్జీనియానే తీసుకుందాం. రాష్ట్రం మొత్తానికి జనన మరణాల నమోదు మొదలైంది 1853లో. దేశపు మొదటి జనాభా లెక్కలు 1790లో జరిగాయి, వాటిలో ఇంటి పెద్ద పేరు తప్ప మిగతావన్నీ తలల లెక్కే. వర్జీనియాకి సంబంధించిన ఆ జాబితాలు అసలు మిగల్లేదు. చర్చి రిజిస్టర్లు చాలావరకు పోయాయి. మిగిలినవి కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు పుస్తకాలు: దస్తావేజులు, వీలునామాలు, కోర్టు ఉత్తర్వులు. అందులో పుట్టిన తేదీ ఉండదు, తండ్రి పేరు చాలాచోట్ల ఉండదు. పొలం మాత్రం ఉంటుంది. కాబట్టి పొలమే దారి చూపించాలి.

పద్ధతి ఇది. మీ మనిషి చేతిలోకి వచ్చిన ప్రతి ఎకరం ఎలా వచ్చిందో ఒక వరసలో, ఎలా పోయిందో పక్క వరసలో రాయండి. కొన్నవాళ్ల సూచిక, అమ్మినవాళ్ల సూచిక వేరువేరుగా ఉంటాయి, రెండూ చూడాలి. 1748లో ఒకాయన 200 ఎకరాలు అమ్మాడనుకోండి. కొన్న దస్తావేజు లేదు. ఆయన పేరిట పట్టా కూడా లేదు. చాలామంది ఇక్కడ "రికార్డు దొరకలేదు" అని వదిలేస్తారు. దొరకకపోవడమే ఇక్కడ దొరికిన ఆధారం. కొనలేదు, ప్రభుత్వం ఇవ్వలేదు అంటే తండ్రి నుంచో, అన్న నుంచో, భార్య తరఫు నుంచో వచ్చి ఉండాలి. అప్పుడు మనిషిని పక్కన పెట్టి, ఆ వాగు ఒడ్డున ఆ 200 ఎకరాలకి మొదటి పట్టా ఎవరికి ఇచ్చారో వెనక్కి వెతకాలి. అక్కడ వేరే ఇంటిపేరు కనిపిస్తే కంగారు పడొద్దు, అది భార్య పుట్టింటిపేరు అయ్యే అవకాశం గట్టిగా ఉంది. ఆవిడ పుట్టింటిపేరు ఇంకెక్కడా రాసి ఉండకపోవచ్చు.

పట్టాల దగ్గర జరిగే మొదటి పొరపాటు తలహక్కుది. ఒక మనిషిని సముద్రం దాటించి తీసుకొచ్చినందుకు 50 ఎకరాల హక్కు ఇచ్చేవారు, ఆ వచ్చినవాళ్ల పేర్లు పట్టా కింద రాసేవారు. పట్టా తేదీని ఓడ దిగిన తేదీగా వేసేస్తారు మనవాళ్లు. ఆ హక్కు పత్రాన్ని అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు, ఏళ్ల తరబడి దాచుకోవచ్చు. ఒకే మనిషి పేరు మీద రెండుసార్లు భూమి పొందినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఆ తేదీకి ముందు ఎప్పుడో వచ్చాడని మాత్రమే అనుకోవాలి, పట్టాదారుకీ అతనికీ చుట్టరికం ఉందని అసలే అనుకోకూడదు. పట్టా పుట్టిందంటే పొలం నిలిచిందనీ కాదు. మూడేళ్లలోపు 50 ఎకరాలకి మూడెకరాల చొప్పున సాగు చెయ్యకపోతే అది రద్దయి ఇంకొకరికి పోవచ్చు. ఇంకో మాట: పొటోమాక్, రాపహానాక్ నదుల మధ్య ఉన్న నార్తర్న్ నెక్‌లో భూములు ఇచ్చింది ఫెయిర్‌ఫాక్స్ కుటుంబం చేతిలోకి వెళ్లిన జమీందారీ. ఆ పుస్తకాలు విడి. మామూలు పట్టాల్లో వెతికి లేదనుకుంటే పొరపాటు.

దస్తావేజుల్లో జతలుంటాయి. మొదటిరోజు ఐదు షిల్లింగులకి కౌలు, ఏడాదికి అద్దె ఒక్క మిరియపు గింజ. మర్నాడు అదే పొలానికి అసలు ధరతో విడుదల పత్రం. మొదటిదాన్ని మాత్రమే చదివి, పాపం కౌలు రైతు అని రాసినవాళ్లు కోకొల్లలు. అది కౌలు కాదు, అమ్మకం పద్ధతి. రెండో పత్రం అదే పేజీలోనో తర్వాతి పేజీలోనో ఉంటుంది, తిప్పండి. దాని చివర భార్య పేరు చూడండి. భర్త పోయాక అతని భూమిలో మూడోవంతు బతికినంతకాలం అనుభవించే హక్కు ఆవిడది. అందుకే అమ్మేటప్పుడు ఆవిణ్ణి భర్తకి దూరంగా, విడిగా ప్రశ్నించి, ఇష్టపూర్వకంగానే వదులుకుంటున్నానని చెప్పించేవారు. 1741 పత్రంలో మేరీ, 1749 పత్రంలో ఎలిజబెత్ ఉంటే రెండో పెళ్లి అయి ఉండొచ్చు, లేదా అదే పేరున్న ఇద్దరు మనుషుల్ని మీరు ఒకర్ని చేసి ఉండొచ్చు. రెండోది ఎంత తరచుగా జరుగుతుందో చెప్పలేను. సీనియర్, జూనియర్ అని ఉంటే తండ్రీకొడుకులని ధీమాగా గీసేస్తారు. ఆ రోజుల్లో ఒకే కౌంటీలో ఒకే పేరున్న పెద్దవాడు, చిన్నవాడు అనే అర్థం. బాబాయి, అన్న కొడుకు కావచ్చు, ఏ చుట్టరికమూ లేనివాళ్లూ కావచ్చు. పెద్దాయన పోతే జూనియర్ కాస్తా సీనియర్ అవుతాడు.

ఇక వీలునామాలు. పేరు లేని బిడ్డ లేనట్టే అనుకోవడం పెద్ద తప్పు. వర్జీనియాలో వీలునామా లేకుండా పోతే భూమి మొత్తం పెద్దకొడుకుదే. ఆ చట్టాన్ని 1785లో మార్చారు, మార్పు 1787 నుంచి అమలయింది. అందుకని, ఎలాగూ చట్టప్రకారం వచ్చే పెద్దకొడుకు పేరు తండ్రి రాయకుండా వదిలెయ్యొచ్చు. పెళ్లప్పుడే వాటా ఇచ్చేసిన కూతురి పేరు ఉండకపోవచ్చు. ఒక షిల్లింగు రాశాడంటే కోపమనుకోకండి, వాడి వంతు ముందే ముట్టిందని, మరిచిపోలేదని చెప్పడానికి కూడా అలా రాసేవారు. ముందే ఇచ్చిన దానపత్రం దస్తావేజుల పుస్తకంలో ఉంటుంది. అదే ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్‌కి వెళ్తే లెక్క మారుతుంది. మసాచుసెట్స్‌లో పెద్దకొడుక్కి రెండు వాటాలు, మిగతా పిల్లలకి ఒక్కొక్కటి. కనెక్టికట్‌లో దస్తావేజులు కౌంటీలో కాదు, టౌన్ ఆఫీసులో ఉంటాయి. ఒక కాలనీ నియమం ఇంకో కాలనీకి అతికించకండి.

వీలునామాలో వరసలు కూడా మన అర్థంలో ఉండవు. సన్-ఇన్-లా (అల్లుడు) అనే మాట సవతి కొడుక్కి కూడా వాడేవారు. కజిన్ అంటే చాలాసార్లు మేనల్లుడో అన్న కొడుకో. "నా ఇప్పటి భార్య" అన్న మాట పట్టుకుని, మొదటి భార్య ఉండేదని తీర్మానించేస్తారు. ఆవిడ కాక తర్వాత ఇంకెవర్నైనా చేసుకుంటే వాళ్లకి ఈ ఆస్తి పోకూడదని కూడా అలా రాయించేవారు. పేర్లు కుదించి రాస్తారు: జె, ఎన్, ఓ అని మూడక్షరాలుంటే అది జాన్ అనే పేరు, జోనథన్ అని చదవకూడదు. ఆ ఒక్కదాని వల్ల ఎన్ని చెట్లు వంకరపోయాయో! ఇంకోటి, మీరు చూస్తున్న పుస్తకం గుమస్తా తిరగరాసిన నకలు. అందులో సంతకం మీ తాతది కాదు.

తేదీల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 1731 డిసెంబరు 10న రాసిన వీలునామా 1731 ఫిబ్రవరి 3న కోర్టులో రుజువైందని (అంటే మనిషి పోయాక అది నిజమైనదేనని కోర్టు ఒప్పుకుందని) ఉంటుంది. రాయకముందే రుజువెలా అవుతుంది? ఇంగ్లండులోనూ దాని కాలనీల్లోనూ 1752కి ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1732. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు అప్పట్లో మొదటి నెల అని రాస్తే అది మార్చి. 1752 సెప్టెంబరు 2 తర్వాతి రోజు సెప్టెంబరు 14. మరణం ఎప్పుడని అడిగితే వీలునామా రాసిన రోజుకీ రుజువైన రోజుకీ మధ్య అని రాయండి, ఒక తేదీ కల్పించకండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, ఎవరూ చెయ్యని పని: హద్దులు కాగితం మీద గీయడం. ఆ దస్తావేజుల్లో సర్వే నంబర్లుండవు. వాగు ఒడ్డున ఎర్ర ఓక్ చెట్టు దగ్గర మొదలుపెట్టి, ఫలానా దిక్కుకి ఇన్ని డిగ్రీలు, ఇన్ని పోళ్లు, అక్కణ్ణుంచి ఫలానావాడి గట్టు వెంట, చివరికి మొదటి చెట్టు దగ్గరికి. పోలు అంటే పదహారున్నర అడుగులు. నాలుగు పోళ్లు ఒక గొలుసు, 66 అడుగులు. 160 చదరపు పోళ్లు ఒక ఎకరం. మన సెంట్లకీ ఆ గొలుసుకీ చుట్టరికం ఉంది, ఒక చదరపు గొలుసంటే సరిగ్గా పది సెంట్లు. ఒక వైపు 160 పోళ్లు, ఇంకో వైపు 200 పోళ్లు ఉన్న పొలం 200 ఎకరాలు. అమెరికా ప్రభుత్వ సర్వే పటాల్లో 24,000కి ఒకటి కొలత ఉన్నది తీసుకుంటే అంగుళానికి రెండువేల అడుగులు. 160 పోళ్లు, అంటే 2,640 అడుగులు, ఆ పటం మీద 1.32 అంగుళాలు. 200 పోళ్లు 1.65 అంగుళాలు. పలచటి కాగితం మీద గీసి, కత్తిరించి, పటం మీద వాగు వంపు దగ్గర జరిపి చూడండి.

గీత మొదలుకి వచ్చి కలవకపోతే చాలాసార్లు గుమస్తా ఒక గీత వదిలేసి ఉంటాడు, లేదా ఉత్తరం అని రాయాల్సిన చోట దక్షిణం అని రాసి ఉంటాడు. పాత పట్టాలోనో, తర్వాత అమ్మిన దస్తావేజులోనో అదే హద్దు మళ్లీ ఉంటుంది, పోల్చండి. దిక్సూచి చూపే ఉత్తరం కాలంతో జరుగుతుంది, అందుకని బొమ్మ మొత్తాన్ని రెండుమూడు డిగ్రీలు తిప్పాల్సి రావచ్చు. పక్కవాళ్ల పొలాలు కూడా గీస్తే అవి పలకల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు తెలుస్తుంది, వీలునామాకి సాక్షి సంతకం చేసిన అనామకుడు తూర్పు గట్టు ఆసామి అని, కూతుర్ని చేసుకున్నది పడమటి పొలం వాళ్లబ్బాయి అని. ఒకే పేరున్న ఇద్దరిని విడదీయడానికి ఇంతకు మించిన పద్ధతి లేదు. ఇద్దరూ ఒకే వాగు మీద ఒకే పొలం దున్నరు.

కౌంటీలు చీలిన సంగతి మరిచిపోతే ఇదంతా వృథా. వర్జీనియాలో లూనెన్‌బర్గ్ కౌంటీ 1746లో పుట్టింది. దాన్నుంచి 1752లో హాలిఫాక్స్, దాన్నుంచి 1767లో పిట్సిల్వేనియా, దాన్నుంచి 1777లో హెన్రీ. ఇల్లు కదలని రైతు దస్తావేజులు నాలుగు కోర్టుల్లో ఉండొచ్చు. వలస వెళ్లాడని కథ అల్లకండి, ముందు కౌంటీ ఎప్పుడు చీలిందో చూడండి. కోర్టు కాలిపోయింది, ఇంకేమీ లేదు అనేవాళ్లకి కూడా ఒక మాట. అక్కడి బకింగ్‌హామ్ కౌంటీ కోర్టు 1869లో కాలింది, నిజమే. కానీ పట్టాలు కాలనీ రాజధానిలో నమోదయ్యాయి, అవి ఉన్నాయి. వర్జీనియా రాష్ట్ర గ్రంథాలయం వాటి బొమ్మలు ఉచితంగా చూపిస్తుంది. కాలిన కౌంటీల కాగితాల నకళ్లు వేరేచోట దొరికితే వాటినీ విడిగా పోగుచేస్తోంది.

మొదటి తరంలో ఆగిపోయినవాళ్లకి ఒక కిటుకు. భార్య మూడోవంతు ఆవిడ బతికినంతకాలం ఆవిడ దగ్గరే ఉంటుంది కదా, ఆవిడ పోయాక, భర్త చనిపోయిన ఇరవై ముప్పై ఏళ్లకి, భూమి పెద్దకొడుకు ఒక్కడికే కాక అందరికీ పోయినచోట, వారసులందరూ కలిసి అమ్ముతారు. కూతుళ్లు, అల్లుళ్లు, చనిపోయిన కొడుకు పిల్లలు, అందరూ ఒక్క దస్తావేజులో ఉంటారు. సూచికలో మాత్రం మొదటి పేరు, పక్కన వగైరా అని ఉంటుంది. మీ ఇంటిపేరుతో వెతికితే తగలకపోవచ్చు. ఆ వగైరాలన్నీ తెరవాల్సిందే. ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైటులో 2024 నుంచి చేతిరాత దస్తావేజుల లోపలి మాటల్ని కూడా వెతకొచ్చు, అది ఉచితం. అయినా యంత్రం చదివిన పేరు నమ్మకుండా బొమ్మ తెరిచి చదవండి.

చివరిగా, ఆస్తి జాబితాలు. మనిషి చనిపోయాక పొరుగువాళ్లు వచ్చి ఇంట్లో సామానంతా ధర కట్టేవారు: ఆవులు, ఇనుప కుండ, ఈకల పరుపు, వాటి మధ్యలో పేరు, పక్కన పౌండ్లు. ఆ పేరు మనిషిది. వర్జీనియా 1705 చట్టం బానిసల్ని స్థిరాస్తిగా లెక్కగట్టింది, పొలం ఎలా వారసులకి పోయిందో వాళ్లూ అలాగే పంపకమయ్యారు. మీ తాత కోసం పేజీ తిప్పుతూ ఆ పేర్లని దాటెయ్యడం నాకు బాధగా ఉంటుంది. వాళ్ల వారసులకి చాలాసార్లు వేరే రికార్డు ఉండదు, మీ తాత వీలునామాయే వాళ్ల రికార్డు. ఆ పేర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు, పిల్లల పేర్లు తల్లి పేరు పక్కన ఉంటే అలాగే, కట్టిన ధరతో సహా ఎత్తిరాయండి. వీలునామాలో ఎవరిని ఏ కొడుక్కి, ఏ కూతురికి రాశారో, పంపకపు పత్రంలో ఎవరు ఎటు వెళ్లారో జత చెయ్యండి. కౌంటీ, పుస్తకం నంబరు, పేజీ నంబరు వేసి అందరికీ కనిపించేలా పెట్టండి.