అలారం నోరు నొక్కడం ఎవరి నిర్ణయం?

సిమెంటు పొడిని నిల్వచేసే ఎత్తైన తొట్టి, అంటే సైలో నిండిందనో, లోపల పీడనం పెరిగిందనో అలారం మోగితే అన్‌లోడింగ్ ఆపవలసింది పోయి, అలారాన్నే ఆపేసే అలవాటు కాంక్రీటు ప్లాంట్లలో పాతుకుపోతోంది. సెన్సర్‌ను తప్పించి తీగలు కలిపేస్తారు. ఫిల్టర్ మూసుకుపోయిందని తెలిసీ సిమెంటు తెచ్చే మరో ట్యాంకర్ లారీకి, అంటే బల్కర్‌కు, హోస్ పైపు తగిలిస్తారు. అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: నిన్నా ఇలాగే చేశాం, ఏమీ కాలేదు. మమ్మల్ని అన్నిటికంటే కలవరపెడుతున్నది ఆ జవాబే.

బల్కర్ ట్యాంకులో సిమెంటును తోసే గాలి పీడనం 2 బార్ వరకు ఉంటుంది. సైలోను కట్టింది పొడి బరువు మోయడానికే తప్ప అంతటి పీడనాన్ని భరించడానికి కాదు గనుకనే, దాని కప్పు మీది రిలీఫ్ వాల్వును సాధారణంగా 0.05 బార్ ప్రాంతంలో తెరుచుకునేలా అమరుస్తారు. అంటే ట్యాంకు పీడనంలో నలభయ్యో వంతు. సిమెంటుతో పాటు లోపలికి వచ్చిన గాలి అంతా ఫిల్టర్ గుండా బయటపడాలి. ఫిల్టర్ వదలకపోతే వాల్వు తెరుచుకోవాలి. అదీ కదలకపోతే ఫిల్టర్ ఊడి కిందపడవచ్చు, సైలో కప్పే చీలిపోవచ్చు.

పైగా అసలు గండం చివరి నిమిషాల్లో ఉంది. ట్యాంకులో సరుకు అయిపోవస్తుండగా గాలికి అడ్డు తొలగి, మిగిలిన పీడనమంతా ఒక్కసారిగా సైలోలోకి దూసుకెళ్తుంది. అప్పుడే బల్కర్ వాల్వును తగ్గించి గాలిని మెల్లగా వదలాలి. లోడు అయిపోయిందన్న ధీమాతో డ్రైవర్‌ను తొందరపెట్టేదీ సరిగ్గా అప్పుడే.

అన్‌లోడింగ్ ఆగితే కాంక్రీటు పని నిలిచిపోతుందని, అలారాలు ఊరికే మోగుతుంటాయని నిర్వాహకులు చెబుతారు. పని నిలిచిపోయే మాట నిజమే. ఊరికే మోగే అలారానికి మాత్రం సెన్సర్ మార్చడమే మార్గం, తీగ తప్పించడం కాదు.

రిలీఫ్ వాల్వు సంగతి మరీ అన్యాయం. మూత అంచున పేరుకున్న సన్నని పొడికి వాన చెమ్మ, రాత్రి మంచు తగిలితే అది రాయిలా బిగుసుకుని మూతను సైలోకు అతికించేస్తుంది. కింద నిలబడి చూసేవారికి వాల్వు నిక్షేపంగా కనిపిస్తుంది, తనిఖీ పుస్తకంలో టిక్కు పడుతుంది. ఆ టిక్కును నమ్మి హోస్ పక్కన నిలబడేది డ్రైవర్, సహాయకుడు. తడి తగిలిన సిమెంటు ఘాటైన క్షారం. కంట్లో పడితే చూపునే దెబ్బతీయగలదు.

ఒక రాత్రి షిఫ్టులో అవసరం కొద్దీ చేసిన అడ్డదారి మర్నాటి షిఫ్టుకు వెసులుబాటు అవుతుంది, నెల తిరిగేసరికి పద్ధతి అవుతుంది. కొత్తగా చేరిన కాంట్రాక్టు కార్మికుడికి అదే పాఠంగా అందుతుంది. నిన్న ఏమీ కాలేదన్న మాట ఎవరి సంతకమూ లేని అనుమతి పత్రమై చేతులు మారుతోంది.

దీన్ని ఇప్పుడే తెంచాలి. సైలో నిండినా, పీడనం పెరిగినా ఫిల్లింగ్ లైన్ తనంతట తాను మూసుకునే ఏర్పాటు ఉండాలి. అలారాన్ని తప్పించినవారి పేరు, తప్పించమన్నవారి పేరు రెండూ రికార్డుకెక్కాలి. నిచ్చెనెక్కి, వాల్వు మూతను చేత్తో ఎత్తి చూసే ఓపిక లేని అధికారులు తనిఖీ పుస్తకంలో సంతకం పెట్టడం ఈరోజే మానుకోవాలి.