అయిదు ‘ఏ’లు కావలెను

కార్తీక మాసం వెళ్ళిన తరువాత వచ్చే తొలి ఆదివారం నాడు హైదరాబాదులో ఏ శుభకార్యమూ తలపెట్టరాదని నా అభిప్రాయం. నెల రోజులు నియమంగా ఉన్న జనమంతా ఆ బాకీని ఒక్క పూటలో తీర్చుకోవడానికి చికెన్ దుకాణాల ముందూ బిర్యానీ హోటళ్ళ ముందూ బారులు తీరి ఉంటారు. 2025లో ఆ ఆదివారం నవంబరు 23న పడింది. నేనూ అదే బాకీ వసూలుకు కూకట్‌పల్లిలోని మా అక్క ఇంటికి వెళ్ళి, సుష్టుగా భోంచేసి, కునుకు తీసే ప్రయత్నంలో ఉండగా, లిఫ్టులో ఎదురైన మూడో అంతస్తు ఆవిడ, “సాయంత్రం ఆరింటికే కదండీ కేకు కటింగు? రిటర్న్ గిఫ్టు జామెట్రీ బాక్సట కదా, మా వాడు పొద్దుటి నుంచి అదే మాట” అన్నదంటూ అక్క పాలిపోయిన ముఖంతో లోపలికి వచ్చింది.

జరిగినదేమిటంటే, మా మేనకోడలు 2018లో సరిగ్గా కార్తీక పౌర్ణమి నాడు పుట్టింది. ఆ ఏడాది పౌర్ణమి నవంబరు 23న వచ్చింది గాని, ఈ ఏడాది 5వ తేదీకే వచ్చేసింది. ఆ రోజున వాళ్ళ నాయనమ్మ పిల్లకు తలంటు పోసి, పట్టు పరికిణీ కట్టి, ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయించి, తులసికోట దగ్గర 365 వత్తులు వెలిగించి, అపార్టుమెంటంతా ప్రసాదం పంచిపెట్టడంతో పుట్టినరోజు శాస్త్రోక్తంగా ముగిసిందని అందరూ నిశ్చింతగా ఉన్నారు. తేదీ ప్రకారం కోయవలసిన కేకు సంగతి బావ చూస్తున్నాడని అక్కా, అక్క చూస్తున్నదని బావా అనుకున్నారట. ఆలుమగల మధ్య నమ్మకం ఉండవలసిందే గాని, మరీ ఇంత ఉండకూడదు. ముగిసిందని అనుకోనిది ఏడేళ్ళు నిండుతున్న ఆ పిల్ల ఒక్కతే. అది స్కూలు బస్సులోనూ సెల్లారులోనూ నోటిమాటగా పిలుపులు పూర్తి చేసేసింది. ఎంతమందిని పిలిచావే అని అడిగితే, “అందరినీ” అని క్లుప్తంగా సెలవిచ్చింది.

కేకు విషయంలో, చెప్పుకుంటే ఎవరూ నమ్మరు గాని, ఏ ఆపదా రాలేదు. గుడ్డు లేని కేకు రెండు కిలోలది సందు చివరి బేకరీలో సిద్ధంగా దొరికింది. బిర్యానీ మాత్రం రాత్రి తొమ్మిది దాకా ఆశ పెట్టుకోవద్దని హోటలువారు చెప్పడంతో, నాయనమ్మ కొంగు బిగించి పులిహోర కలిపింది. అసలు చిక్కంతా గోడ మీద అంటించే బెలూన్లతో వచ్చింది. మెరిసే రేకు బెలూన్లతో పిల్ల పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాయనిదే పుట్టినరోజు చెల్లదని ఈ కాలపు ధర్మశాస్త్రం. మా మేనకోడలి పేరులో తొమ్మిది అక్షరాలు ఉండగా, వాటిలో అయిదు ‘ఏ’లే. నిజానికి నాలుగే ఉండవలసింది. బారసాలకు ముందు సంఖ్యాశాస్త్రం తెలిసిన ఒకాయన అదృష్టం కోసమని మొదట్లో మరొకటి తగిలించాడు.

ఫ్యాన్సీ దుకాణంలో ఒకే ఒక ‘ఏ’ మిగిలి ఉంది. “మనవాళ్ళ పేర్లన్నీ వాటితోనే కదా సార్, వచ్చినవి వచ్చినట్టే పోతాయి. క్యూలు, ఎక్స్‌లు ఎన్ని కావాలన్నా ఇస్తాను” అన్నాడు దుకాణదారు. సాఫ్ట్‌వేరు ఉద్యోగి అయిన బావ ఆ క్షణంలోనే తన వృత్తి నైపుణ్యాన్ని బయటికి తీశాడు. ‘హ్యాపీ బర్త్‌డే’ సెట్టులో రెండు ‘ఏ’లు ఉంటాయి, ‘వీ’ని తలకిందులు చేస్తే దూరం నుంచి ‘ఏ’లాగే కనబడుతుంది. ఆ లెక్కన సెట్టు ఒకటీ, ‘వీ’లు రెండూ కొన్నాము. ఇంటికి వచ్చి, సన్నని గొట్టాన్ని బెలూను మెడలో దూర్చి, నేనూ బావా ఒకరి తరువాత ఒకరం దవడలు నొప్పి పుట్టేలా ఊది, రెండువైపుల టేపుతో అంటించేసరికి గోడ మీద పేరు దివ్యంగా వెలిగింది. పై వరుసలోని ‘హ్యాపీ’ మాత్రం మధ్య పన్ను ఊడిన నోరులా మిగిలింది. మొట్టమొదట వచ్చిన మూడో అంతస్తు పిల్లవాడు దానిని కూడబలుక్కుని, “హెచ్ పీ పీ వై... అంకుల్, ఇది మీ కంపెనీ పేరా?” అని అడిగాడు.

కొవ్వొత్తులు వెలిగించే వేళకు నాయనమ్మ అడ్డుపడింది. “పుట్టినరోజు పూట దీపం నోటితో ఆర్పుతారుటే?” అన్నది. అక్క సర్దిచెబుతుండగానే పిల్ల ఉఫ్‌మని ఊదేసింది. అవి ఆరాయి, అందరూ చప్పట్లు కొట్టారు, అవి మళ్ళీ వెలిగాయి. హడావుడిలో దుకాణదారు ఇచ్చినవి మ్యాజిక్ కొవ్వొత్తులు. వాటి వత్తిలో మెగ్నీషియం పొడి ఉంటుంది గనుక, ఊదిన తరువాత మిగిలిన చిన్న నిప్పుకణమే దానిని అంటించి మంటను తిరిగి లేపుతుంది. ఈ రసాయనశాస్త్రం నాయనమ్మకు అక్కరలేదు. “చూశారా, నేను చెబితే విన్నారు కాదు!” అంటూ ఆవిడ అక్షింతలు చల్లింది. పిల్లలకు మాత్రం పంతం పెరిగింది. వచ్చినవారందరూ కేకు చుట్టూ మూగి, వంతులు లేకుండా, బుగ్గలు పూరించి, తుంపరలు పడేలా ఊదారు. చివరికి బావ ఆ కొవ్వొత్తులను పీకి నీళ్ళ గ్లాసులో ముంచాడు. ఆ తరువాత పెద్దవాళ్ళలో ఎవరికీ కేకు మీద మనసు పోలేదు. పులిహోర గిన్నె మాత్రం అడుగంటా ఖాళీ అయింది.

అందరూ వెళ్ళాక, గోడ మీద నుంచి ‘వీ’లతో పాటు సున్నం కూడా పెచ్చులుగా ఊడిరావడం చూస్తూ, “వచ్చే ఏడు ఈ రెండు పుట్టినరోజులూ ఒకేసారి వచ్చే మార్గం లేదా అమ్మా?” అని బావ దీనంగా అడిగాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, ఫోనులో పంచాంగం తెరిపించింది. చాంద్రమానంలో ఏడాదికి సుమారు 354 రోజులే గనుక తిథి ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుందనీ, 2026లో అధిక జ్యేష్ఠం పడటం వల్ల అది మళ్ళీ వెనక్కి వస్తుందనీ వివరించి, కార్తీక పౌర్ణమి నవంబరు 24న అని తేల్చింది. అంటే రానున్న పరాభవ నామ సంవత్సరంలో సోమవారం కేకు, మంగళవారం వ్రతం. బావ ఇంకా వేళ్ళ మీద లెక్క సరిచూసుకుంటూనే ఉన్నాడు. పిల్ల అప్పటికే బాల్కనీలోకి పరుగెత్తి, రెండు రోజులూ రమ్మని కింది అంతస్తువాళ్ళను కేకేసి పిలుస్తోంది.