తల మూడో అంతస్తులో, కాళ్లు రెండో అంతస్తులో

ఆదివారం పొద్దున్నే మా ఆవిడ కొత్తిమీర కట్ట తెమ్మంది. లుంగీ మీదే బయల్దేరాను. మాది నాలుగో అంతస్తు. బిల్డింగ్ కట్టిననాటి గ్రిల్ తలుపుల లిఫ్టు. మూడు దాటగానే ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

ఎక్కడ ఆగిందో చెబితే తప్ప నా అవస్థ అర్థం కాదు. మూడో అంతస్తు నేల సరిగ్గా నా గడ్డం దగ్గరికి వచ్చింది. కింద రెండో అంతస్తు గేటు పైభాగంలోంచి నా కాళ్లు మోకాళ్ల దాకా కనిపిస్తాయి. మధ్యలో గోడ. అంటే తల పైవాళ్లకి, కాళ్లు కిందివాళ్లకి. పొట్ట ఎవరికీ కనబడకపోవడం ఒక్కటే నా అదృష్టం. త్రిశంకుడిదీ ఇదే పరిస్థితి గానీ, పాపం ఆయన నెలనెలా మెయింటెనెన్స్ కట్టలేదు.

పైగా లిఫ్టులో రికార్డు చేసిపెట్టిన ఆ గొంతొకటి. గేటు దగ్గరి స్విచ్చు అరిగిపోయిందట. తలుపు శుభ్రంగా వేసి ఉన్నా లిఫ్టుకు మాత్రం తెరిచి ఉన్నట్టే తోస్తుంది. "కృపయా దర్వాజా బంద్ కీజియే" అని ఒకావిడ నలభై నిమిషాలు బతిమాలింది. వేశానమ్మా, మళ్లీ తీసి వేశానమ్మా, ఇదిగో చూడు తల్లీ! వింటేనా? తెలుగులో అడిగుంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. హిందీలో తిట్టేంత భాష నాకు రాదు.

పడిపోతుందన్న భయం మాత్రం లేదు. 1854లో ఎలీషా ఓటిస్ అనే ఆయన న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో, జనమంతా చూస్తుండగా లిఫ్టు బల్ల మీద నిలబడి, దాన్ని మోస్తున్న తాడును నరికించేశాడు. తాడు బిగువు పోగానే స్ప్రింగు విచ్చుకుని పక్క పట్టాల పళ్లలో దిగబడింది. బల్ల కాస్త జారి ఆగిపోయింది. మహానుభావుడు పడేదాన్ని ఆపడం కనిపెట్టాడు గానీ, ఆగినదాన్ని కదిలించే పని మా అసోసియేషన్‌కి వదిలేశాడు. లిఫ్టు రాకముందు పారిస్‌లో పై అంతస్తులంటే పేదవాళ్లుండే చోటు. అన్ని మెట్లు ఎవరెక్కుతారు? నేనేమో గాలీ వెలుతురూ అని ఎక్కువ పోసి మరీ నాలుగో అంతస్తు కొన్నాను.

ఇంతలో మూడో అంతస్తు పిన్నిగారు గుమ్మం ముందు ముగ్గు వేయడానికి వంగారు. వంగినావిడకు ఎదురుగా, నేల మీద నా తలకాయ. ఆవిడ కేక విని నేనూ కేకేశాను. తేరుకున్నాక "టిఫిన్ అయిందా బాబూ?" అన్నారు.

అసలు కథ కింద జరిగింది. తొందరలో నేను ఎడమకాలికి నా చెప్పు, కుడికాలికి మా ఆవిడ చెప్పు, గులాబీరంగు పువ్వున్నది, వేసుకొచ్చాను. రెండో అంతస్తు బుడ్డోడు పైకి చూసి, "మమ్మీ, లిఫ్టులో అంకుల్ కాలొకటి, ఆంటీ కాలొకటి!" అని అరిచాడు. అంతే. లోపల ఇద్దరున్నారని కింద ఖాయం చేసేశారు. సెక్రటరీ గారు ఫోన్ చేసి, "ఇద్దరూ టెన్షన్ పడకండి. బరువెక్కువై ఆగుంటుంది" అన్నారు. ఒక్కణ్ణే సార్ అంటే, "అలాగే, అలాగే" అన్నారు. ఆ రెండో "అలాగే" ఇప్పటికీ నా చెవిలో ఉంది.

వార్త నాలుగో అంతస్తు చేరింది. మా ఆవిడ దిగొచ్చి ముందు నా తల చూసింది. ఏమీ అనలేదు. రెండో అంతస్తుకు వెళ్లి కాళ్లు చూసింది. "అది నా చెప్పు" అని కింది నుంచి వినబడింది. ఊరట పడిందో, చెప్పు పాడైందని బాధపడిందో గొంతును బట్టి తెలియలేదు.

సర్వీసు వాళ్లకు ఆదివారం సెలవు. ఏడాది కాంట్రాక్టు డబ్బు మాత్రం ఆదివారాలతో కలిపే పుచ్చుకుంటారు. చివరికి వాచ్‌మనే పైన మెషీన్ రూమ్‌కెళ్లి కరెంటు ఆపి, మెల్లగా బ్రేకు వదిలాడు. లిఫ్టు కిందికి దిగలేదు, పైకి లేచింది! అవతల వేలాడే ఎదురుబరువు ఖాళీ లిఫ్టు కంటే ఎక్కువే ఉంటుంది, లిఫ్టు పట్టే జనంలో దాదాపు సగం మంది బరువు కలిపి కడతారు. నేనొక్కణ్ణీ దానికి చాల్లేదు. నా బరువు తక్కువని ఇన్నేళ్లలో నాకు దొరికిన మొదటి సాక్ష్యం అది. చూపిద్దామంటే సెక్రటరీ గారు అక్కడ లేరు.

కొత్తిమీర తెచ్చేసరికి అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ ఉంది: "ఇద్దరు ఎక్కడం వల్ల లిఫ్టు ఆగిపోయింది. దయచేసి ఒక్కొక్కరే ఎక్కగలరు." దాని కింద మొట్టమొదటి బొటనవేలు మా ఆవిడదే.