హినా మహారాణి గారికి, పెట్టెలోకి

మహాలక్ష్మీ సమానురాలు, మార్చి 3 ఆడపిల్లల పండగకు కొలువు తీరే బొమ్మల రాణి హినా మహారాణి గారికి నమస్కారములు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ, అంటే జపాన్ ఇజు ద్వీపకల్పంలో, ఇనతోరి సముద్రపు ఒడ్డున, ఇంటివాళ్ళే నడిపే చిన్న బస మిన్షుకులో, మేడమీది మూడో నంబరు చెక్కపెట్టెలో, మెత్తని కాగితంలో ముఖం చుట్టించుకుని మీరూ క్షేమమని తలుస్తాను. క్షేమంగానే ఉంటారు. చుట్టింది నేనే కదా.

నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకు కవాజులో పూలు చూద్దామని బూట్లు తొడుక్కుంటున్నాను. రెండు స్టేషన్ల దూరం. అక్కడి చెర్రీ చెట్లకు తొందరెక్కువ, ఫిబ్రవరిలోనే పూసి మార్చి మొదటి వారానికి రాల్చేసుకుంటాయి. నిన్న తప్పితే మళ్ళీ ఏడాదే. సరిగ్గా అప్పుడు ఒబాసాన్, అంటే ఆ ఇంటి యజమానురాలు పెద్దావిడ, గుమ్మంలోకి వచ్చి ఎండ వైపు చూశారు, మీ వైపు చూశారు, చివరికి నా వైపు చూశారు. ఆ మూడో చూపు నాకు కొత్త కాదు. రాజమండ్రిలో మా పెద్దత్తయ్య ప్రతి పెళ్ళిలోనూ నన్ను అలాగే చూస్తుంది.

"మూడో తేదీ దాటి రెండు రోజులైంది. బొమ్మలు తీయడం ఇంకా ఆలస్యం చేస్తే ఇంట్లో ఆడపిల్లకు పెళ్ళి ఆలస్యమవుతుంది" అన్నారు.

ఆ సమయానికి ఆ ఇంట్లో మేలుకుని ఉన్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. అదీ రాత్రికి ఇంత అని డబ్బు కట్టి.

ఆలస్యం నా వల్ల జరిగిందా? నాలుగో తేదీన వాన. వానరోజు పెట్టెలో పెడితే మీకు బూజు పడుతుందట. పండగ కాగానే తీసేయాలట, కానీ పొడి ఎండ ఉన్న రోజే తీయాలట. ఈ రెండు నియమాలూ పెట్టిన పెద్దమనిషి సముద్రం పక్కన ఒక్క వారమైనా కాపురం చేసి ఉండడు. అందుకని ఆ రోజంతా మీ పదిహేను మందినీ గోడవైపు తిప్పి ఉంచారు. అలా తిప్పితే వెళ్ళిపోయినట్టే లెక్కట. ఏడు మెట్ల ఎర్ర తివాచీ మీద పదిహేను వీపులు, ఎదురుగా అన్నం తింటూ నేను. అలిగిన వియ్యాలవారి ముందు విస్తరి వేసుకున్నట్టుంది.

ఒక తప్పు మాత్రం నాదే. ఈ సంగతి నవ్వుతూ అమ్మకు ఫోనులో చెప్పాను. అమ్మ నవ్వలేదు. "పెద్దవాళ్ళు ఊరికే అనరు" అంది. మర్నాడు తొమ్మిదిన్నరకు, అంటే అక్కడ ఆరింటికి, కాఫీ కూడా తాగకుండా ఫోను: "బొమ్మలు తీశారా?" పుష్కరకాలంగా నమ్ముకున్న శాస్త్రిగారిని పక్కనపెట్టి మా అమ్మ ఇజు ద్వీపకల్పపు శాస్త్రం పట్టుకుంది. పెళ్ళి మాట వినబడని చోటు కోసం ఆరు వేల కిలోమీటర్లు వచ్చిన దాన్ని నేను.

మీ పండగలన్నీ ఇంతే. ఫిబ్రవరి మొదట్లో దయ్యాలను తరిమే వేయించిన సోయా గింజలు వయసెంతో అన్ని తినాలి. ఒబాసాన్ ముప్పై ఒకటీ బిగ్గరగా లెక్కపెట్టి నా అరచేతిలో పోశారు. మొన్న మూడో తేదీ రాత్రి ఆల్చిప్పల చారు. ఒక చిప్పకు దాని జత చిప్పే అతుకుతుందట, వేరొకటి అతకదట. గిన్నెలో కూడా సంబంధాలే!

ఇంతకీ మీరు ఈ ఇంటికి వచ్చింది ఒబాసాన్ కూతురు పుట్టాక తొలి మార్చి పండగకు, పుట్టింటి వారి కానుకగా. ఆమెకిప్పుడు నలభై నాలుగు. ఏ ఏడూ మిమ్మల్ని ఆలస్యంగా తీయలేదని ఒబాసాన్ గర్వంగా చెబుతారు. ఆ కూతురికి పెళ్ళి కాలేదు. చేపల మార్కెట్టుకు చిన్న ట్రక్కు నడుపుకుంటూ, మధ్యాహ్నం హాయిగా నిద్రపోతూ, నాకు తెలిసిన అందరికంటే సుఖంగా ఉంది. నిన్న మేము మిమ్మల్ని సర్దుతున్నప్పుడు కూడా నిద్రపోతూనే ఉంది. మీ ముగ్గురు చెలికత్తెల్లో పెళ్ళైన గుర్తుగా కనుబొమలు తీసేసి, పళ్ళు నల్లబరిచింది నడిమి ఆవిడకు ఒక్కదానికే. అటూ ఇటూ ఉన్న ఇద్దరి గురించి ఇన్నేళ్ళలో ఎవరికైనా బెంగ పుట్టిందా? మే 5న మగపిల్లల కోసం శిరస్త్రాణాలు, కవచాలు పెడతారు కదా, అవి జూన్ దాకా ఉంటే ఏ అబ్బాయి పెళ్ళి ఆగుతుందో ఒబాసాన్ నోట ఒక్కసారీ వినలేదు. పిల్లలకు వస్తువులు సర్దుకోవడం నేర్పడానికి పుట్టిన మాట అంటారు. అయితే సర్దుకోమని చెప్పండి! మధ్యలో నా పెళ్ళి ఎందుకు?

మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం. చివరి రోజు హారతిచ్చి ఒక్క బొమ్మను పడుకోబెడితే పనైపోతుంది. ఒక ఏడు కొండపల్లి అంబారీ ఏనుగు ఉగాది దాకా టీవీ పక్కనే ఉంది. ఎవరి కొంపా మునగలేదు.

సరే, సర్దాను. తెల్ల చేతితొడుగులు వేసుకుని, గుల్లల పొడి పూసిన మీ బుగ్గలకు వేలు తగలకుండా, కుంచెతో దుమ్ము దులిపి. ఏ విసనకర్ర ఎవరిదో, ఏ బాణం ఏ మంత్రిదో రంగు వెలిసిన ఫోటో చూసి పోల్చుకుంటూ. అట్టడుగు సేవకులు ముగ్గురిలో ఒకడు నవ్వుతాడు, ఒకడు ఏడుస్తాడు, ఒకడు కోపంగా ఉంటాడు. కోపిష్ఠివాడి ముఖం మాత్రం చాలా జాగ్రత్తగా చుట్టాను, మనవాడనిపించి. మీ పెట్టె అడుగున ఒక సోయా గింజ దొరికింది. ఒబాసాన్ దాన్ని ఊది, నోట్లో వేసుకుని, "ఒక ఏడు పెరిగాను" అని నవ్వారు. ఆ నవ్వుకు నేను కవాజును మరిచిపోయిన మాట నిజమే. ఐదున్నరకు ఆఖరి పెట్టెకు తాడు కట్టి, రెండుసార్లు తట్టి, "వచ్చే ఏడాది" అన్నారు. మీతోనో, నాతోనో.

రాత్రి యోకొహామా చేరి కోటు జేబులో తాళం కోసం వెతికితే చేతికి గుచ్చుకుంది. మీ కిరీటం.

పోస్టులో వేస్తే రెండు రోజుల్లో చేరుతుంది. మీ నియమం ప్రకారం మీరింకా పూర్తిగా పెట్టెలోకి వెళ్ళనట్టే అనుకుంటాను. పొద్దున అమ్మ అడిగితే "అన్నీ తీసేశామమ్మా" అన్నాను. కిరీటం కంప్యూటర్ పక్కన పెట్టుకున్నాను. ఫిబ్రవరిలో నేనే తెస్తాను.

ఇట్లు,
మేడమీద చివరి గది ఆడపిల్ల