బయటికి రాని లెక్కతోనే అసలు చేటు

2025 అక్టోబరులో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతమేనని కేంద్ర గణాంక శాఖ ప్రకటించిన రోజు వాట్సాప్ గ్రూపులకు పండగే. ఆ ధరలు ఏ బజార్లో ఉన్నాయో అడ్రసు చెబితే సంచి పట్టుకుని వెళ్తామని ఒకటే జోకులు. నిజానికి లెక్క కట్టినవాళ్లు అబద్ధమాడలేదు. అంతకు ముందు ఏడాది అక్టోబరులో కూరగాయల ధరలు 42 శాతం ఎగబాకాయి. ఆ ఎత్తు నుంచి కొలిచారు కాబట్టి ఈసారి 27 శాతానికి పైగా తగ్గినట్టు తేలింది. ఆ ఒక్క వాక్యం అంకె పక్కనే ఉండి ఉంటే సగం జోకులు పుట్టేవే కావు.

మిగతా సగం జోకులు మాత్రం న్యాయమైనవే. ఆ అంకెను తేల్చిన చిల్లర ధరల సూచీకి ఆధార సంవత్సరం 2012. 2011-12లో మన కుటుంబాలు దేనికెంత ఖర్చు పెట్టేవో, 2025లోనూ అదే నిష్పత్తిలో పెడుతున్నాయనుకుని కట్టిన లెక్క అది. అందులో ఆహార పానీయాల వాటా 45.86 శాతం. డీవీడీ ప్లేయర్లు, ఆడియో క్యాసెట్లు ఆ జాబితాలో అప్పటికీ ఉన్నాయి. పల్లెల్లో ఇంటి అద్దెకు మాత్రం చోటు ఉండేది కాదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమాటా రికార్డు ధర పలికినప్పుడు, కూరగాయల దెబ్బకు ద్రవ్యోల్బణం 7.44 శాతానికి చేరింది. రిజర్వు బ్యాంకు వడ్డీ రేటు ఖరారు చేసేది ఈ సూచీని ముందు పెట్టుకునే. అంటే పదేళ్ల నాటి పాత వాటాలు మీ ఇంటి అప్పు ఈఎంఐ మీద పెత్తనం చేశాయన్నమాట.

ఇన్నేళ్లు ఆ జాబితా ఎందుకు మారలేదు? మార్చడానికి కావలసిన కుటుంబ ఖర్చుల సర్వే 2017-18లోనే జరిగింది. జనం డబ్బుతో, జనం ఇళ్లకు వెళ్లి, గంటల తరబడి కూర్చోబెట్టి, బియ్యం నుంచి చెప్పుల దాకా అడిగి రాసుకున్నారు. 2019 నవంబరులో ఆ నివేదిక ఒక పత్రికకు లీకైంది. ధరల పెరుగుదల తీసేసి చూస్తే మనిషికి సగటు నెల ఖర్చు 1,501 రూపాయల నుంచి 1,446కు తగ్గిందని అందులో ఉంది. డేటా నాణ్యత బాగాలేదంటూ కేంద్రం ఆ సర్వేనే పక్కన పడేసింది. తర్వాత కోవిడ్ వచ్చింది. మళ్లీ సర్వే చేసి వివరాలు చెప్పేసరికి 2024 ఫిబ్రవరి. ఆ మరుసటి ఏడాది, 2023-24లో చేసిన సర్వే ఆధారంగా కొత్త ధరల సూచీ రావడానికి 2026 ఫిబ్రవరి. అందులో ఆహారం వాటా 37 శాతం దరిదాపుకు దిగింది. ఒక్క నివేదిక బీరువాలోకి పోయినందుకు తొమ్మిది పాయింట్ల తేడాతో దేశం ఏళ్ల తరబడి ధరలు కొలుచుకుంది.

సమాచార యుగంలో తప్పు లెక్క కన్నా బయటికి రాని లెక్క ఎక్కువ చేటు చేస్తుందని నేనంటున్నది ఇందుకే. తప్పుంటే పట్టుకునేవాళ్లు ఉన్నారు. పట్టికలు తిరగేస్తారు, పద్ధతిని నిలదీస్తారు, నాలుగు రోజుల్లో గుట్టు విప్పుతారు. అసలు విడుదలే కాకపోతే దేన్ని నిలదీస్తారు? ఖాళీ దొరికితే చాలు, ఎవరో ఫోన్లో తయారు చేసిన అంకెల కార్డు వచ్చి కూర్చుంటుంది. ఇక దాన్ని ఖండించడానికి ప్రభుత్వం చేతిలోనూ ఏమీ ఉండదు.

ఉద్యోగాల లెక్కకూ ఇదే గతి పట్టింది. 2017-18లో నిరుద్యోగం 6.1 శాతమన్న నివేదికను జాతీయ గణాంక కమిషన్ ఆమోదించినా విడుదల చేయలేదని, తాత్కాలిక అధ్యక్షుడు పి.సి.మోహనన్, సభ్యురాలు జె.వి.మీనాక్షి 2019 జనవరిలో రాజీనామా చేశారు. అంకె లీకైంది. ఎన్నికలు అయిపోయాక, మే 31న, అదే అంకె అధికారికంగా వచ్చింది. నెలల తరబడి దాచి ఏం బావుకున్నారో తెలియదు గానీ, ఆ తర్వాత వచ్చిన ప్రతి ఉద్యోగాల లెక్కనూ జనం అనుమానంగానే చూస్తున్నారు.

ఆ లెక్కల్లో నిజంగా చర్చించాల్సిన సంగతులు ఈ అనుమానం కింద మరుగున పడిపోయాయి. నెలనెలా వచ్చే నిరుద్యోగ రేటులో, గడిచిన వారంలో ఏదో ఒకరోజు కనీసం గంటసేపు పని చేసినా ఉద్యోగం ఉన్నట్టే. ఇది అంతర్జాతీయంగా ఉన్న పద్ధతే, మోసమేమీ కాదు. కానీ ఎంతమంది పాఠకులకు ఈ ముక్క చేరింది? పదిహేనేళ్లు, ఆపైబడిన మహిళల్లో పని చేస్తున్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఆరేళ్లలో ఇంత మార్పు మామూలు విషయం కాదు. మొగుడి కిరాణా కొట్లో కూర్చున్న ఇల్లాలు, జీతం లేకుండా సొంత చేలో కలుపు తీసే కోడలు కూడా ఈ లెక్కలో పని ఉన్నవాళ్లే. వాళ్ల పని ఇన్నాళ్లకు కాగితం మీదికి ఎక్కిందని సంతోషించాలా, జీతమిచ్చే ఉద్యోగాలు దొరక్క ఇంటి పనిలోనే సర్దుకున్నారని బాధపడాలా? తేలాల్సిన ప్రశ్న ఇది. టీవీ చర్చల్లో మాత్రం 'అంతా బోగస్', 'అంతా అద్భుతం' అనే రెండు అరుపులే వినిపిస్తాయి.

గణాంక శాఖ ఈమధ్య చాలా మారిందని దాని తరఫు వాళ్లు అంటారు. మారింది కూడా. విడుదల తేదీలు ముందే చెబుతున్నారు. 2025 నుంచి నిరుద్యోగ రేటు ప్రతి నెలా వస్తోంది. పోర్టల్ పెట్టారు, సర్వేల ముడి డేటా పరిశోధకులకు అందుతోంది. మంచిదే. అయితే ఇవన్నీ ప్రభుత్వం ఇష్టపడి చేస్తున్నవి. రేపు ఇష్టం లేకపోతే ఆపేయొచ్చు. గణాంక వ్యవస్థను పరిశీలించిన రంగరాజన్ కమిషన్ 2001లోనే చట్టబద్ధమైన గణాంక కమిషన్ కావాలంది. 2006లో కమిషన్ పని మొదలుపెట్టింది గానీ, అది ప్రభుత్వ తీర్మానం మీద నడిచేదే తప్ప చట్టం ఇచ్చిన అధికారాలున్నది కాదు. రాజీనామా ఇవ్వడం తప్ప మోహనన్ చేతిలో ఇంకే ఆయుధమూ లేకపోయింది.

అమెరికాను చూడండి. 2025 ఆగస్టు 1న ఉద్యోగాల నివేదిక నచ్చలేదని ట్రంప్ ఆ లెక్కలు కట్టే సంస్థ అధిపతినే తీసేశారు. సిగ్గుచేటే. కానీ ఆ నివేదిక అప్పటికే చెప్పిన తేదీకి, చెప్పిన గంటకు బయటికి వచ్చేసింది. దాన్ని ఆపడం మాత్రం అధ్యక్షుడి వల్ల కాలేదు.

మన సంగతికొస్తే, తెలంగాణలో 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. రాష్ట్రం మొత్తం సెలవు. ముంబయి, భివండీల నుంచి వలస కూలీలు కిక్కిరిసిన బస్సుల్లో ఊళ్లకు చేరి, ఇంట్లో కూర్చుని వివరాలు చెప్పారు. ఇంత చేసి, ఆ ఫలితాలను పూర్తి నివేదికగా జనం ముందు పెట్టలేదు. పదేళ్ల తర్వాత ఇంకో ప్రభుత్వం ఇంటింటి కులగణన చేసింది. ముస్లిం బీసీలు కాక మిగతా బీసీలు 46.25 శాతమని, వాళ్లనూ కలిపితే 56.33 శాతమని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. వెంటనే గొడవ. పాత సర్వేలో బీసీలు 51 శాతం కదా, ఇప్పుడెలా తగ్గారని ప్రతిపక్షం. ఆ 51లో ఎవరెవరిని కలిపారు, ఏయే ఇళ్లు తప్పిపోయాయి అని సరిచూద్దామంటే అచ్చయిన పట్టిక లేదు. పాత లెక్కను అచ్చు వేయనివాళ్లే దాన్ని సాక్ష్యంగా చూపించి కొత్త లెక్కను తప్పంటున్నారు. కొత్తవాళ్లు దాన్ని కాదనలేరు, ఔననలేరు. స్థానిక ఎన్నికల్లో రిజర్వేషన్లు ఆధారపడే అంకె మీద, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే నెగ్గే పరిస్థితి తెచ్చుకున్నాం.

నిజానికి ఈ లెక్కలు ప్రభుత్వం సొత్తు కావు. ఆధార్ కార్డు, పాసుపుస్తకం తీసుకొచ్చి ఎన్యూమరేటర్ ముందు పెట్టి, ఎన్ని బర్రెలున్నాయో, ఎంత అప్పుందో దాచకుండా చెప్పిన మనిషికి వాటి మీద హక్కుంది. ఆమె పేరు బయట పెట్టక్కర్లేదు. ఆమె మండలంలో అప్పుల్లేని ఇళ్లెన్నో, మరుగుదొడ్డి లేని ఇళ్లెన్నో, పదో తరగతి దాటిన ఆడపిల్లలెందరో తెలుగులో అచ్చేసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించడానికి అడ్డేమిటి? సేకరించేటప్పుడు గడప గడపకూ వచ్చినవాళ్లు, చెప్పేటప్పుడు ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఇంగ్లిష్ పీడీఎఫ్ పెట్టేసి చేతులు దులుపుకుంటున్నారు.

ఇప్పుడు జనగణన వచ్చింది. 2021లో జరగాల్సింది ఆరేళ్లు ఆలస్యంగా, 2027 మార్చి 1 నాటి జనాభా లెక్కగా జరుగుతోంది. ఆహార భద్రత చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎందరికి బియ్యం రావాలన్నది ఈరోజుకీ 2011 జనాభా మీదే నడుస్తోంది. పైగా ఈసారి కులం కూడా రాసుకుంటారు. 2011లో సామాజిక, ఆర్థిక, కుల గణన పేరుతో రాసుకున్న కులాల వివరాలు ఇప్పటికీ వెలుగు చూడలేదు. లెక్కింపు ఎప్పుడన్నది గెజిట్‌లో వచ్చింది. కులాల పట్టికలు ఏ తేదీన, జిల్లా దాకానా మండలం దాకానా, ఏ రూపంలో ఇస్తారన్నది కూడా అదే గెజిట్‌లో రావాలి. అంకెలు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా ఆ తేదీ కదలకుండా చట్టం ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి 42 మంది లోక్‌సభ సభ్యులున్నారు. కులగణన కావాలని ఊరూరా మైకు పట్టుకున్నవాళ్లు వాళ్లలో చాలామందే. విడుదల తేదీ ఏదని అడుగుతూ సభలో ఒక ప్రశ్న వేయడానికి వాళ్లకు పార్టీ అనుమతి అక్కర్లేదనుకుంటా.