గంగమ్మ తల్లికీ ఎల్‌ఆర్‌ఎస్ రాయితీ ఇవ్వాలి

ఆషాఢంలో చీరల మీద రాయితీ ఇస్తారు. పాత సరుకు పోవాలి, కొత్త సరుకు రావాలి, న్యాయమే. కానీ చట్టాన్ని అతిక్రమించడం మీద 25 శాతం తగ్గింపు ఇచ్చిన ఘనత మాత్రం మన తెలంగాణ సర్కారుదే. 2025లో ఎక్కడ చూసినా ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, ప్రకటనే: అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు కొన్నారా, రండి, ఫీజు కట్టండి, పావు వంతు మినహాయింపు పొందండి. త్వరపడండి, మార్చి 31 ఆఖరు! త్వరపడని వాళ్ల కోసం ఏప్రిల్ నెలాఖరు కూడా ఆఖరే అయింది. చీరల షాపువాడైనా ఆషాఢం వెళ్లగానే బోర్డు తీసేస్తాడు.

విషయం తెలియని అమాయకులు ఎవరైనా ఉంటే రెండు ముక్కల్లో చెబుతాను. ఒక పెద్దమనిషి పొలం కొంటాడు. హద్దురాళ్లు పాతి, సున్నం గీతలు గీసి, ఆర్చీ కట్టి దాన్ని వెంచర్ అంటాడు. పార్కుకి జాగా వదలడు, రోడ్డు సరిపడా వదలడు, వాననీళ్లు పోయే దారి అసలే వదలడు. గజాల లెక్కన అమ్ముకుని పక్క మండలానికి పోయి ఇంకో ఆర్చీ కడతాడు. సబ్‌రిజిస్ట్రార్ రిజిస్ట్రేషన్ చేస్తాడు, కరెంటోళ్లు మీటరిస్తారు, మున్సిపాలిటీ ఇంటిపన్ను వేస్తుంది. అంతా అయ్యాక సర్కారు నిద్రలేచి, కొన్నవాడిని పట్టుకుని ‘నీది అక్రమం’ అంటుంది. 2007లో అంది, 2015లో అంది, 2020లో అంది. మూడూ ‘ఒక్కసారికే’ ఇచ్చిన అవకాశాలు. మూడోసారి తలా వెయ్యి రూపాయలు కట్టి వచ్చిన దరఖాస్తులు 25 లక్షలు దాటాయి. ఇన్ని లక్షల మంది కలిసికట్టుగా చేశాక దాన్ని అక్రమం అనడం ఏం మర్యాద? ఊరు అనాలి.

ఆ మూడోసారి గడువు గుర్తుందా? 2020 అక్టోబర్ 15. హైదరాబాద్ మీద వాన విరుచుకుపడింది అక్టోబర్ 13న. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటింది. అందరూ దాన్ని వరద అన్నారు. నా మనవి వేరు. గంగమ్మ దరఖాస్తు పెట్టుకోవడానికి వచ్చింది, గడువుకి రెండు రోజుల ముందే వచ్చింది. ఈ రాష్ట్రంలో అంత బాధ్యత గల దరఖాస్తుదారు ఇంకెవరూ లేరు.

కౌంటర్ దగ్గర ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు.

“గంగమ్మా, లైన్ల రా. ఏంది ఆ తోసుడు?”

“లైను నాకు తెలీదు నాయనా, పల్లం ఒకటే తెలుసు.”

“పేరు గంగమ్మ. భర్త పేరు?”

“శివుడు.”

“అడ్రసు?”

“శ్మశానం.”

“అది ప్లాట్లయింది గదా. సరే, సేల్ డీడ్ తీయి.”

“కట్ట ఉంది, తూముంది, అలుగుంది. పాత రికార్డుల్లో శిఖం, అంటే చెరువు భూమి, అని రాసుంది చూడు.”

“శిఖం రెవెన్యూది. తూము ఇరిగేషనోళ్లది. మాది మున్సిపల్. లింక్ డాక్యుమెంట్లు ఉన్నయా?”

“పై చెరువు నిండితే నా దగ్గరికొస్తుంది. నేను నిండితే కింది చెరువుకి పోతాను. అదేగా లింకు?”

“మధ్యల కట్టయింది గదమ్మా.”

“కట్టవడమా? నాలుగంతస్తులు కట్టేశారు.”

“కరెంటు బిల్లన్న ఉందా?”

“నేనొస్తే కరెంటే తీసేస్తారు కదయ్యా.”

“గట్లయితె పొజిషన్ ఎట్ల రుజువు చేస్తవు? ఏడాది పొడుగుతా ఉంటవా?”

“మూడు నెలలుంటా. 1908 సెప్టెంబర్ 28న వచ్చా, ఊరంతా చూసింది. 2000 ఆగస్టు 24న వచ్చా, బేగంపేట చూసింది.”

“అంటే వచ్చిపోతున్నవు. నువ్వే ఎంక్రోచర్‌వి. ఆ ఇండ్లోళ్లకు చూడు, మీటరుంది, నల్లా ఉంది, పన్ను రసీదుంది. సరే, పెద్దదానివి, ఫీజు చెప్త రాస్కో. ఖాళీజాగా వదలలే గనక ప్లాటు ధరల 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జి కట్టాలె.”

“ఆ ఖాళీజాగా నేనే కదయ్యా!”

“సర్వర్ డౌనుంది. రేపు రా.”

ఆ 14 శాతం నేను కల్పించింది కాదు. వెంచర్‌వాడు వదలని పార్కుకి, కొన్నవాడు ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. కట్టాక పార్కు వస్తుందా అని అడిగేవాళ్లకి పట్టణ ప్రణాళిక అర్థం కానట్టు. డబ్బు వస్తుంది. పార్కు అనేది ఒక భావన.

వానల పేరు చెప్పి గడువు అక్టోబర్ 31కి పొడిగించారు. ఆవిడ వెళ్లలేదు మరి. 17వ తేదీ రాత్రి గుర్రం చెరువు కట్ట తెంపుకుని హఫీజ్ బాబా నగర్‌లోకి వచ్చింది. టోలిచౌకి నదీం కాలనీలో పడవలేసుకుని తిరిగారు. ఉస్మాన్‌నగర్‌లో అయితే నెలల తరబడి కూర్చుంది. ఇంటింటికీ 10,000 రూపాయల సాయం ప్రకటించారు. కార్పొరేషన్ ఎన్నికల ముందు, నవంబర్‌లో, ఆ పదివేల కోసం జనం మీసేవ కేంద్రాల ముందు బారులు తీరారు. నడుముల్లోతు నీళ్లలోంచి బయటపడిన ముసలమ్మ ఆధార్ జిరాక్సు పట్టుకుని క్యూలో నిలబడింది. నీళ్లకీ మనిషికీ మన దగ్గర ఒకటే కౌంటర్.

ఇంక ఎకసెక్కం చాలు. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు నీళ్లు హైవే మీదికి వచ్చినప్పుడు కొట్టుకుపోయిన మనుషులు ఏ జీవో చదివి ఆ దారిన పోయారు? పది హెక్టార్లు దాటిన చెరువుకి 30 మీటర్లు, చిన్న కుంటకి 9 మీటర్లు బఫర్ వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. బ్రహ్మాండం. ఆ 30 మీటర్లు ఎక్కడినుంచి కొలవాలి? ఎఫ్‌టీఎల్ గీత నుంచి, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఆగే హద్దు నుంచి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే సర్కారు సంస్థ హైడ్రా పుట్టేనాటికి చాలా చెరువులకి ఆ గీత తుది నోటిఫికేషనే లేదు. గీత గీయనివాడిది తప్పు కాదు, కనపడని గీత దాటినవాడిది తప్పు! ఎఫ్‌టీఎల్‌లోని ప్లాటుకి ఎల్‌ఆర్‌ఎస్ వర్తించదని నిబంధనల్లో రాసే ఉంది, ఒప్పుకుంటాను. మరి అదే ప్లాటుకి రిజిస్ట్రేషన్ ఎలా వర్తించింది? హోమ్‌లోన్ ఎలా వర్తించింది? బుల్డోజర్ ఒక్కటే ఇంత ఆలస్యంగా ఎందుకు వర్తించింది? అనుమతులిచ్చిన కొందరు అధికారుల మీద కేసులు పెట్టారు, కాదనను. అంబర్‌పేటలో బతుకమ్మ కుంట తవ్వితే మళ్లీ నీళ్లొచ్చాయి, అదీ మంచి పనే. కానీ చెరువు శిఖంలో 60 గజాలు నోటరీ కాగితం మీద కొన్న మేస్త్రీకి చెరువంటే కోపమా? వాడికి మిట్ట మీద గజం ఎవడిచ్చాడు?

మిట్ట మీద గజాలు ఎవరు అమ్ముతున్నారో కూడా చెప్పాలిగా. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100.75 కోట్లకి వేలం వేసింది సర్కారు. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో 177 కోట్లు పలికింది. పత్రికల్లో పండగ! ఆ సుత్తి దెబ్బ పడ్డ ప్రతిసారీ చుట్టుపక్కల గజం రేటు ఎగబాకుతుంది, మేస్త్రీ ఇంకో మెట్టు కిందికి దిగుతాడు. దిగీ దిగీ చెరువులో పడతాడు. అప్పుడు ‘ఆక్రమణదారు’ అంటాం. ఆయనకి ఇల్లివ్వలేదని కాదు. కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ఆర్భాటంగా ప్రారంభించారు. ఔటర్ రింగ్ రోడ్డు అంచున. పాతబస్తీలో నాలుగిళ్లలో పాచిపని చేసుకునే ఆమెకి అక్కడ ఇల్లిస్తే పొద్దున ఆరింటికి పనిలోకి ఎలా రావాలి? నగరం నడిబొడ్డున ఉన్న సర్కారు జాగా వేలానికి, పేదవాడి గూడు పొలిమేరకి. దీన్ని ప్రణాళిక అంటున్నారు, సిగ్గు లేకుండా.

1908లో మూసీ వేలమందిని మింగాక నిజాం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించాడు. పైన నీళ్లు ఆపాలని ఆయన చెప్పాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. రాజరికంలో ఓటు లేదు కాబట్టి పాపం వాళ్లకి రాయితీ ఆలోచన తట్టలేదు. ఆ రెండు జలాశయాలని కాపాడడానికి, పరీవాహకంలోని 84 గ్రామాల్లో కట్టడాలకి పగ్గం వేస్తూ 1996లో జీవో 111 తెచ్చారు. 2022లో జీవో 69తో సడలించారు. 2023 మేలో మంత్రివర్గం పూర్తిగా ఎత్తేస్తామంది. ఈ జలాశయాల నుంచి ఊరికి తాగునీళ్లు పెద్దగా అక్కర్లేదన్నది వాళ్ల వాదన. వాటిని కట్టింది తాగడానికి మాత్రమే కాదని ఎవరూ చెప్పినట్టు లేదు.

అటువైపు వెళ్లి ఊరికే బేరం చేసి చూడండి. ఏజెంటు ఎంత మర్యాదస్తుడో! కారు తలుపు తీస్తాడు, కొబ్బరిబోండాం ఇప్పిస్తాడు, చేత్తో చూపిస్తాడు: “సార్, ఆ పల్లం కనిపిస్తుంది చూడండి, కార్నర్ బిట్, ఈస్ట్ ఫేసింగ్. పర్మిషన్ గురించి టెన్షన్ పడకండి. తర్వాత స్కీమ్ వస్తుంది.”